అతుక్కి ఆరొందలా? హవ్వ!

పెట్రోలు పెరిగింది, ఊరుకున్నాం. కందిపప్పు పెరిగింది, పప్పు పల్చగా చేసుకున్నాం. ఎల్‌కేజీ ఫీజు ఒకప్పటి ఇంజనీరింగు ఫీజును దాటిపోయింది, అప్పు చేసి కట్టాం. మన ఓర్పుకి ఒక హద్దంటూ ఉంటుంది కదా, ఆ హద్దు ఈ మధ్య దాటిపోయింది. గొలుసు కొక్కెం తెగితే అతుకు పెట్టడానికి కంసాలి ఆరు వందలు అడుగుతున్నాడు.

ఆరు వందలు! పెళ్లికెళ్లినా, సత్యనారాయణ వ్రతానికెళ్లినా ఇదే చర్చ. మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఒకావిడ ఈ దారుణాన్ని వివరిస్తుంటే చుట్టుపక్కల పంక్తిలోవాళ్లు సాంబారు కలపడం ఆపేసి నోళ్లు తెరిచారు. "యాభై రూపాయలకి చేసేవాడండీ. మా అత్తగారి రోజుల్లో అయితే డబ్బులే తీసుకునేవాడు కాదు. కళ్లంలో ఇన్ని గింజలు కొలిస్తే ఏడాదంతా ఆ ఇంటి పని చేసిపెట్టేవాడు. ఇప్పుడు ఎంత పొగరో చూడండి, ఇష్టమైతే చేయించుకో అమ్మా, లేకపోతే లేదు అంటాడు!" అందావిడ. పాపం, గొంతు కూడా వణికింది.

అదే ఆవిడ మెడలో లక్ష్మీదేవి బొమ్మల నక్షీ హారం ఉంది. దాని తరుగు, అదే వేస్టేజి, పద్దెనిమిది శాతం. ఈ రహస్యం నేను కనిపెట్టింది కాదు, ఆవిడే కొంచెం గర్వంగా చెప్పింది. "మామూలుగా ఇరవై రెండంట. మేనేజరు మనకి తెలిసినవాడు కాబట్టి పద్దెనిమిదికి వేశాడు."

దీనికి ఎవరూ నోరు తెరవలేదు. సాంబారు కలుపుకున్నారు.

కనుక కంసాలి దురాశ మీద ఒక సమగ్ర విచారణ జరగాల్సిన సమయం వచ్చింది. ప్రభుత్వం కమిషన్ వేసేదాకా ఆగలేక నేనే ఆ బాధ్యత తీసుకుంటున్నాను.

మొదట లెక్కలు చూద్దాం. తేలిగ్గా ఉండటానికి గ్రాము పది వేలనుకుందాం. 2025 ఏప్రిల్లో పది గ్రాముల మేలిమి లక్ష దాటింది, ఆ తర్వాత ఇంకా ఎక్కింది కాబట్టి 'అనుకుందాం' అని ధైర్యంగానే అనుకోవచ్చు. రెండు కాసుల గొలుసు, అంటే పదహారు గ్రాములు. బంగారం లక్షా అరవై వేలు. అది చెయ్యి పడని మిషను గొలుసు కాబట్టి దయతలచి తరుగు పన్నెండు శాతమే వేశారు, పంతొమ్మిది వేల రెండు వందలు. ఆ మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ, అయిదు వేల మూడు వందల డెబ్బై ఆరు. మెడలో వేసుకుని మెట్లు దిగేసరికి ఇరవై నాలుగు వేల అయిదు వందల డెబ్బై ఆరు రూపాయలు గాలికి పోయాయి. రేపు పొద్దున్న అదే గొలుసు తిరిగి అమ్మితే అందులో ఒక్క రూపాయి వెనక్కి రాదు. ఆ డబ్బుతో ఆరు వందల చొప్పున నలభై అతుకులు పెట్టించుకుని, పైన అయిదు వందల డెబ్బై ఆరు చిల్లర తెచ్చుకోవచ్చు. నలభైసార్లు తెగాలంటే గొలుసు మనవరాలి మెడదాకా వెళ్లాలి.

తరుగు అంటే తయారీలో పోయే బంగారం అని మనకి చెబుతారు. ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ అడగరు. గొలుసు చేసే మిషనుకి ఒక పక్క తీగ ఎక్కిస్తే ఇంకో పక్క గొలుసు దిగుతుంది. ఫ్యాక్టరీల్లో నేల ఊడ్చిన దుమ్ము, పనివాళ్లు చేతులు కడిగిన నీళ్లు, చివరికి కాళ్ల కింద పరిచిన పట్టా కాల్చిన బూడిద కూడా శుద్ధికి పంపి బంగారం వెనక్కి రాబడతారు. అంత జాగ్రత్తగా ఏరుకునే చోట వందకి పన్నెండు గ్రాములు మాయమవుతున్నాయంటే, ఆ ఫ్యాక్టరీ మీద దొంగతనం కేసు పెట్టాలి, లేదా మన తెలివి మీద సానుభూతి సభ పెట్టాలి.

ఇంకో విచిత్రం ఉంది. 2015లో పది గ్రాములు ఇరవై ఆరు, ఇరవై ఏడు వేల దగ్గర ఉండేది. అప్పుడు ఇదే రెండు కాసుల గొలుసుకి ఇదే పన్నెండు శాతం వేస్తే తరుగు అయిదు వేల దగ్గరే ఉండేది. ఇప్పుడు పంతొమ్మిది వేలు దాటింది. మిషను అదే, తీగ అదే, తిప్పే గంటలు అవే. బంగారం ధర పెరిగితే దాన్ని వంచే శ్రమ కూడా నాలుగింతలు పెరుగుతుందని భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు. అయినా శాతం అనేసరికి మనకి గుడిలో శఠగోపం పెట్టించుకున్నంత భక్తి. ఎదురుగా కూర్చున్న మనిషి యాభై నుంచి ఆరు వందలకి వస్తే మాత్రం అది దోపిడీ, మోసం, కలికాలం.

సరే, అంత దోచుకునే కంసాలి దగ్గరికి ఎందుకు వెళ్లాలి? రిపేరు కూడా షోరూములోనే చేయించుకుంటే పోలా? ఈ ప్రశ్న వేసిన ఒక దగ్గరి బంధువు వెంట సాక్షిగా నేను కూడా వెళ్లాను. బెజవాడ బందరు రోడ్డులో నాలుగంతస్తుల మేడ. పేరెందుకు, అన్నీ అలాగే ఉంటాయి.

తలుపు దగ్గర తలపాగా మీసాలాయన వంగి దణ్ణం పెట్టాడు. లోపల అడుగు పెట్టగానే చేతిలో బాదంపాలు. చీర కట్టుకున్న అమ్మాయి నవ్వుతూ "ఏం చూస్తారు మేడమ్, హారాలా, వడ్డాణాలా?" అంది. మా బంధువు "రిపేరమ్మా" అంది. ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఎంత త్వరగా సర్దుకుందంటే, అప్పటికే తాగిన బాదంపాలకి డబ్బులు అడుగుతుందేమోనని నాకు భయం వేసింది. "కింద సెల్లార్‌లో మేడమ్, పార్కింగ్ పక్కన."

సెల్లార్‌లో ఒక కిటికీ. కిటికీకి ఇవతల టోకెన్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. ఒకరి చేతిలో సీల అరిగిన దుద్దు, ఇంకొకరి చేతిలో మువ్వ ఊడిన పట్టీ, ఒక ముసలావిడ కొంగున కట్టుకొచ్చిన నల్లపూసలు. ఫ్యాను లేదు. బాదంపాలు అసలే లేవు. మా వంతు వచ్చాక టై కట్టుకున్న కుర్రాడు గొలుసు తీసుకుని కాటాలో వేశాడు. పదిహేను గ్రాముల ఎనిమిది వందల డెబ్బై మిల్లీగ్రాములు. కంప్యూటర్లో ఎక్కించాడు. నాలుగు వైపుల నుంచీ ఫోటో తీశాడు. తర్వాత దాన్ని స్వచ్ఛత చూసే కారెట్ మీటరులో పెట్టాడు. ఆ తర్వాత ముఖ్యమైన ప్రశ్న వేశాడు.

"ఇది మా దగ్గర కొన్నదేనా మేడమ్?"

"కాదు బాబూ. మా అత్తగారిది. తెనాలిలో చేయించారు."

"ఓ, బయట నగ" అన్నాడు. తప్పిపోయిన పిల్లాడి గురించి పోలీస్‌స్టేషన్‌లో మాట్లాడే గొంతు అది.

బయట నగలకి పద్ధతి వేరు. రిపేరు ఇక్కడ చెయ్యరు. ఫ్యాక్టరీకి పంపాలి. ఫ్యాక్టరీ కోయంబత్తూరులో. ఇరవై ఒక్క పనిదినాలు, పండగలు కాకుండా. అంటే కొక్కెం బెజవాడలో తెగుతుంది, కోయంబత్తూరు వెళ్లి అతుక్కుంటుంది, అక్కడ నాణ్యతా పరీక్ష పాసయ్యాక మళ్లీ బెజవాడ వస్తుంది. మన ఊళ్లో చాలామంది పిల్లలు అంత దూరం వెళ్లి చదువుకోలేదు. ఖర్చెంతవుతుందని అడిగితే "అక్కడ చూశాక చెబుతారు మేడమ్" అన్నాడు. ఒక కాగితం ఇచ్చి మూడు చోట్ల సంతకం పెట్టమన్నాడు. అందులో ఏముందంటే, రిపేరులో బరువు తగ్గితే సంస్థకి సంబంధం లేదు. పాత అతుకులు విడితే సంబంధం లేదు. రంగు మారితే సంబంధం లేదు. రాళ్లు రాలితే సంబంధం లేదు. గొలుసుకి అసలు రాళ్లే లేవు, అయినా ముందుజాగ్రత్త. అన్ని సంతకాలయ్యాక ఫోనుకి ఓటీపీ వచ్చింది.

"ఇరవై ఒక్క రోజులు మెళ్లో ఏం వేసుకోను? శ్రావణమాసం కదా" అంది మా బంధువు. పక్కన కూర్చున్న ముసలావిడ తక్షణం సలహా ఇచ్చింది. "చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు ఒకటి కొనుక్కో అమ్మా. నేనదే చేశా." మెడ వంచి చూపించింది కూడా.

ఇక్కడే కథలోకి మేనేజరు ప్రవేశించాడు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలీదు. గొలుసును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని జాలిగా చూశాడు. "మేడమ్, ఈ మోడల్ ఇప్పుడెవరు వేసుకుంటున్నారు? అనవసరంగా దీని మీద ఖర్చు. పైన ఎక్స్‌ఛేంజ్ మేళా నడుస్తోంది. మీ కళ్ల ముందే కరిగిస్తాం, పూర్తి పారదర్శకం." చెప్పు తెగిందని కాలు మార్చుకోమన్నట్టుంది, కానీ చెప్పిన తీరు ఎంత బాగుందంటే మా బంధువుతో పాటు నేనూ తలూపాను. లిఫ్టులో పైకి తీసుకెళ్లారు. పైకెళ్లగానే మళ్లీ బాదంపాలు వచ్చాయి.

గాజు గదిలో మూసలో వేసి గొలుసును కరిగించారు. నిమిషాల పని. తెనాలిలో ఎవరో రోజుల తరబడి ఒక్కో రింగు చుట్టి, కోసి, అతికి, మెలిపెట్టి చేసిన పని ఒక పసుపు ముద్దయింది. అతుక్కి కావలసింది కంటికి ఆనని టంకం ముక్క. అది పెట్టే మనిషి ఆ నాలుగంతస్తుల్లో లేడు కాబట్టి మొత్తం నగనే చంపేశారు. ముద్దని తూచి, స్వచ్ఛత చూసి, దాని మీద ఇంకో కాసు చేర్చి, పదకొండు శాతం తరుగుతో కొత్త గొలుసు కట్టబెట్టారు. వచ్చేటప్పుడు వెల్వెట్ పెట్టె, క్యాలెండరు ఉచితం. కారెక్కాక మా బంధువు నిట్టూర్చి అన్న మాట ఇది: "పోనీలే, ఆ కంసాలి ఆచారి ఆరొందలు అడిగాడు. వాడి పొగరు అణిగింది."

ఆచారిగారి పొగరు అణిగిందో లేదో తెలుసుకోవడం విచారణలో భాగం కనుక నేను వన్‌టౌన్‌లో ఆయన సందుకి వెళ్లాను. పొగరు కనబడలేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు. ఫ్యాను వేస్తే మంట ఊగుతుంది, ఆకురాయితో రాసిన పొడి ఎగిరిపోతుంది. బెజవాడ ఎండల్లో ఫ్యాను ఆపేసి మంట ముందు కూర్చునే వృత్తి ఇది. ఆయన అప్పుడు ఒక సన్నటి గొలుసు మీద ఉన్నాడు. ముందు దాన్ని కడగాలి, చెమట, పసుపు, పౌడరు కలిసిన జిడ్డు మీద టంకం పారదు. తెగిన రింగు రెండు కొసల్నీ శ్రావణంతో (సన్నటి పట్టకారుతో) దగ్గరికి తెచ్చి ఖాళీ లేకుండా ఆనించాడు. రాతి మీద వెలిగారం (బోరాక్స్) నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని కుంచె కొసతో అతుకు మీద అద్దాడు. దాని మీద టంకం ముక్క ఎక్కించాడు. అది తుమ్మితే పోతుంది. తర్వాత ఊదుగొట్టం. గ్యాసు టార్చి ఉంది కానీ సన్నపని అంటే ఇప్పటికీ ఇదే నమ్మకమట. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూనే నోటితో తెగకుండా ఊదాలి. మంట సూటిగా అతుకు మీదికి కాకుండా చుట్టూ తిరుగుతోంది. బంగారం ఎర్రబడింది. ఒక్కసారి టంకం తళుక్కుమని సందులోకి దిగిపోయింది, అదే క్షణంలో మంట తప్పించాడు. ఇంకొక్క ఊపిరి ఆలస్యమైతే పక్క రింగులు కూడా కరిగి ముద్దవుతాయి.

ఎందుకంత భయం అంటారా? బంగారం ధర పెరిగేకొద్దీ షోరూముల్లో 'లైట్ వెయిట్ కలెక్షన్' అని ఒకటి మొదలైంది. చూడటానికి రెండు కాసుల గొలుసు, తూస్తే కాసు లేదు. లోపల డొల్ల. రేకంత పల్చటి గొట్టాన్ని మెలిపెట్టి చేస్తారు. కొన్నప్పుడు ఎంత తెలివిగా కొన్నామో అనిపిస్తుంది, తలదిండుకి పట్టుకుంటే తెగుతుంది. అమ్మినవాడు "హాలో చెయిన్ రిపేరు కాదు మేడమ్, మార్చుకోండి" అంటాడు. అప్పుడు వెతుక్కుంటూ ఈ సందుకి వస్తాం. డొల్ల గొలుసుకి వేడి కొంచెం ఎక్కువైతే లోపలికి కూలిపోతుంది. పాత నగలైతే ఇంకో తంటా, గుండ్లలో నింపిన లక్క వేడికి పొంగి బయటికి వస్తుంది. ముత్యం, పగడం ఉంటే చెడిపోతాయి, పచ్చ పగులుతుంది, కాబట్టి మంటకి ముందే ఊడదీసి, తర్వాత మళ్లీ పొదగాలి. ఎవరో చేసిన వస్తువు, లోపల ఏ టంకం వాడారో తెలీదు, కొత్త అతుకు పెడుతుంటే పాత అతుకు విడిపోవచ్చు. చేయడం కన్నా బాగుచేయడం కష్టమని ఆచారిగారు అన్నప్పుడు అదేదో వేదాంతం అనుకోకండి, అక్షరాలా నిజం.

పొరపాటున కరిగిందనుకోండి, మూడు చోట్ల సంతకం పెట్టించుకున్న కాగితం ఆయన దగ్గర లేదు. కొత్త గొలుసు కొనిపెట్టాలి. అంటే ఆరు వందల కోసం లక్షా అరవై వేల వస్తువుని మంట ముందు పెడుతున్నాడు. రాత్రికి పది మంది గొలుసులు ఇంట్లో పెట్టుకుని నిద్రపోవాలి, ఇన్సూరెన్సు లేదు. ఎవరో దొంగిలించిన గాజు ఎవరో తెచ్చి ఇస్తే, పోలీసులు వచ్చి దొంగసొత్తు రికవరీ అని ఆయన కుంపటి దగ్గరే ఆగుతారు. నాలుగంతస్తుల మేడ ముందు పోలీసు జీపు ఆగితే అది ప్రారంభోత్సవానికి వచ్చిన హీరోకి బందోబస్తు.

మన ఆలోచన మాత్రం మారదు. కంసాలి తల్లి ముక్కుపుడకలో కూడా కొంత గీకుతాడని తరతరాలుగా చెప్పుకుని నవ్వుకున్నాం. బంగారం ఇచ్చి ఎదురుగా పీట వేసుకుని కళ్లార్పకుండా కూర్చోవడం ఇంటి పెద్ద కర్తవ్యంగా భావించాం. ఆయన పంచె దులుపుకుంటే అనుమానం, తల గోక్కుంటే అనుమానం. వెంట్రుకల్లో పొడి దాస్తాడట! షోరూములో నగ తలుపు వెనక్కి వెళ్లి, ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి తిరిగి వస్తుంది, అక్కడ ఎవరూ పీట వేసుకుని కూర్చోరు. పన్నెండు శాతం బిల్లు మీద అచ్చు వేసి తీసుకుంటే అది వ్యాపారం, చేతికి అంటుకున్న పొడి దొంగతనం.

ఆ చేతులకి ఏమేం అంటుకున్నాయో ఒక్కసారి చూడండి. 1963 జనవరిలో, చైనా యుద్ధం తర్వాత, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారం నియంత్రణ తెచ్చారు. పద్నాలుగు క్యారెట్లు మించిన నగ చేస్తే నేరం. జనం పద్నాలుగు క్యారెట్ల నగలు చేయించుకోలేదు, చేయించుకోవడమే మానేశారు. దేశమంతా లక్షల కుటుంబాల కుంపట్లు చల్లారాయి, ఎంతోమంది కంసాలులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పేరుతో వచ్చిన చట్టం 1990లో గానీ పోలేదు. దేశానికి విదేశీ మారకం మిగిల్చే బాధ్యత ఎవరి మీద పడింది? ఇనప్పెట్టెల్లో బిస్కట్లు దాచుకున్నవాళ్ల మీద కాదు, ఊదుగొట్టం ఊదేవాడి మీద.

తర్వాత కెడిఎం వచ్చింది. గుర్తుందా? "మాది కెడిఎం అండీ" అని పేరంటాల్లో ఎంత గొప్పగా చెప్పుకున్నాం! అదేదో స్వచ్ఛతకి ఇంకో పేరు అనుకున్నాం. అది కాడ్మియం. రాగి, వెండి కలిపిన పాత టంకంతో నగ స్వచ్ఛత కొంచెం తగ్గుతుంది, మార్చుకునేటప్పుడు రెండు మూడు శాతం కోత పడుతుంది. కాడ్మియం కలిపిన టంకంతో ఆ కోత పడదు, ఎందుకంటే మంట తగలగానే కాడ్మియం చాలావరకు ఆవిరైపోతుంది. ఎక్కడికి పోతుంది? కుంపటి మీదికి వంగి ఊదుతున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిడ్నీల్లోకి పోతుంది. కిటికీ లేని గదిలో, మొహానికి గుడ్డ కూడా లేకుండా, రోజుకి పది గంటలు. మన రెండు శాతం మిగలడానికి ఆయన విషం పీల్చాడు. ఎవరైనా ఒక్కరు అడిగామా? ఆ దగ్గు ఏమిటి ఆచారిగారూ అని ఒక్కరైనా అడిగామా? కెడిఎం కాకపోతే పుచ్చుకోం అన్నాం. చివరికి దాన్ని నిషేధించాక, అదేదో మన ఒంటికి మంచిది కాదని ఆపేశారేమో అనుకుని పాత నగలు వేసుకోవచ్చా లేదా అని డాక్టర్లని అడిగాం. మన ఒంటికి! ఆరు వందలు ఎక్కువట. ఆ ఊపిరికి రేటు కట్టి పాత బాకీ వసూలు చేయడం మొదలుపెడితే ఈ ఊళ్లో ఒక్క మెడలో గొలుసు మిగలదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. నగకి గుర్తింపు సంఖ్య ఇచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలన్నిటికీ అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ తప్పనిసరి, వస్తువుకి నలభై అయిదు రూపాయలు రుసుము. ఫోనులో కొడితే ఏ దుకాణం నమోదు చేసిందో, ఎక్కడ పరీక్షించారో చెబుతుంది. ఎవరు చేశారో మాత్రం చెప్పదు. ఆ మనిషికి కూడా ఏదో ఒకటి ఇవ్వాలని అనిపించి కాబోలు, అదే ఏడాది సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టారు. పద్దెనిమిది వృత్తుల్లో కంసాలి పని కూడా ఒకటి. పనిముట్లకి పదిహేను వేలు, అయిదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష అప్పు. లక్షకి పది గ్రాముల బంగారం వస్తుంది, మన లెక్క ప్రకారమే. దానితో కంసాలి స్వయం ఉపాధి పొందాలి. పదిహేను వేలకి లేజర్ అతుకు మిషను రాదు, దాని ధర లక్షల్లో ఉంటుంది. మంచి శ్రావణాలు, ఆకురాళ్లు మాత్రం వస్తాయి, అవి ఆయన తాతగారివే ఇంకా పనిచేస్తున్నాయి.

ఆచారిగారి అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగాను. అంతకుముందే చూశానట. బందరు రోడ్డు సెల్లార్‌లో టై కట్టుకుని కిటికీ వెనక కూర్చున్నవాడే. జీతం, పీఎఫ్, ఏసీ. పైగా పెళ్లి సంబంధాలు వస్తున్నాయి. "కుంపటి దగ్గర కూర్చుంటే పిల్లనెవరిస్తారండీ?" అన్నాడాయన, చేతిలో పని ఆపకుండానే. హైదరాబాదు చార్మినార్ పక్క సందుల్లోనూ, సికింద్రాబాదు పాట్ మార్కెట్‌లోనూ ఎన్నో ఏళ్లుగా ఈ పనిని మోస్తున్నది బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఎక్కువమందికి గ్రాముకింతని కూలి, పని చేసిన గదిలోనే పడక. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లలో చాలామంది ఇళ్లకి పోతే నగల వ్యాపారులు గుండెలు బాదుకున్నారు. వాళ్లు కొత్త నగలు చేస్తారు. మీ అత్తగారి నల్లపూసల్లో ఊడిన సూత్రం పెట్టడానికి ఎవరూ ముర్షిదాబాద్ నుంచి రైలెక్కి రారు.

కనుక విచారణ కమిషన్ తరఫున ఆచారిగారికి నేను కొన్ని సూచనలు చేస్తున్నాను. ఆయన తప్పల్లా రేటును రూపాయల్లో చెప్పడం. ఆరు వందలు అంటే జనం గుండె ఆగుతుంది. ఇకమీదట వస్తువు విలువలో శాతం చెప్పాలి. "అతుక్కి రెండు శాతమమ్మా, మీరు తెలిసినవాళ్లు కాబట్టి ఒకటిన్నర." లక్షా అరవై వేల గొలుసు మీద ఒకటిన్నర అంటే రెండు వేల నాలుగు వందలు. ఆవిడ సంతోషంగా కట్టి, నాలుగిళ్లు తిరిగి ఆ తగ్గింపు గురించి చెబుతుంది. టంకం తరుగు వేరే వెయ్యాలి, ఊపిరి తరుగు అంతకన్నా వేరే. ఒక స్కీము పెట్టాలి, నెలకి వంద చొప్పున పదకొండు నెలలు కడితే పన్నెండో నెలలో ఒక అతుకు ఉచితం. మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు దైవాధీనం. పాత కుంపటికే మళ్లీ ప్రారంభోత్సవం పెట్టి రిబ్బను కత్తిరింపజేయాలి, ఏ హీరో డేట్లు దొరక్కపోతే సందు చివర కేబుల్ అబ్బాయి చాలు. వచ్చినవాళ్లకి బాదంపాలు ఇవ్వాలి, ఖర్చు అతుకులో కలిపేయాలి. ఇరవై ఒక్క పనిదినాలు తీసుకోవాలి. పది నిమిషాల్లో చేసిస్తే విలువ ఉండదు, అందుకే గొలుసు తీసుకుని "కోయంబత్తూరు పంపాలి" అని గంభీరంగా చెప్పి, లోపలి గదిలో పెట్టి, మధ్యాహ్నం భోంచేసి పడుకోవాలి.

ఇవన్నీ చెబితే ఆయన నవ్వి, మళ్లీ కుంచె వెలిగారంలో ముంచాడు. ఇన్ని ఆయన వల్ల కాదని అర్థమై, కనీసం ఒక బోర్డయినా రాయించి పెడతానన్నాను. పెయింటరుకి ఇచ్చేశాను కూడా. అతుకు ఆరు వందలు. డొల్ల గొలుసు తొమ్మిది వందలు. లక్క, పచ్చ, ముత్యం ఉన్నవి చూసి చెప్పబడును. బేరమాడువారికి ఊదుగొట్టం ఇవ్వబడును. ఫ్యాను వెయ్యబడదు.